మనోవ్యాధికి వైద్యం: బీమా ఉన్నా చేతి డబ్బే ఎందుకు?

హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్నది మునగాల. ఇక్కడివారు జ్వరం వస్తే కోదాడకు పోతారు, ఎముక విరిగితే సూర్యాపేటకు పోతారు, గుండెకు సంబంధించినదైతే హైదరాబాదు ప్రయాణం కడతారు. దగ్గరిది, తెలిసినది, ఖర్చు తగ్గేది చూసుకొని పోవడం లోకరీతి. మనసుకు జబ్బు చేసినప్పుడు మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. దగ్గరి ఊరు పనికిరాదు, తెలిసిన వైద్యుడు అసలే పనికిరాడు. ఎరిగిన ముఖం ఎదురుపడని ఊరు ఏదని వెతికి, ఖమ్మమో విజయవాడో హైదరాబాదో పోతారు. బస్సులో ఎవరైనా పలకరిస్తే పెళ్ళికని చెబుతారు. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లో బీరువాలోనే ఉంటుంది. కొడుకు కంపెనీ ఇచ్చిన బీమా కార్డును జేబులోంచి తీయరు. అడిగినంత నగదు చెల్లిస్తారు, రసీదు కూడా పుచ్చుకోరు. ఆ కాగితం ఎవరి కంటనైనా పడితే?

మదరసాలో పాఠం చెప్పేవారి వద్దకు ప్రజలు తలాఖు, వారసత్వం, జకాతు లెక్కలు తెచ్చినట్లే ఈ విషయమూ తెస్తారు. తక్కినవి అందరి ఎదుటా అడుగుతారు. దీనిని మాత్రం ఇషా నమాజు ముగిసి, జనం పలచబడిన తరువాత అడుగుతారు. ఇటీవలి సంవత్సరాలలో ఇటువంటి ప్రశ్నలు పెరిగినందున, వీటికి వేర్వేరుగా చెప్పిన సమాధానాలను ఒకచోట పెట్టడం మంచిదని మాకు తోచింది.

ఒక కుటుంబం సంగతి చెబుతాము. గుర్తుపట్టడానికి వీలులేకుండా కొన్ని వివరాలు మార్చాము. ఇంటి పెద్ద చిన్న వ్యాపారి. పెద్ద కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. అతని కంపెనీ బీమాలో తల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి. ఆ తల్లికి తన కన్నతల్లి మరణించిన తరువాత నిద్ర పోయింది, ఆకలి పోయింది. కొన్నాళ్ళకు మాట పోయింది. జానమాజుపై కూర్చుని గంటల తరబడి అలాగే ఉండిపోయేది. ఇంటివారు మొదట నజర్ అనుకున్నారు, తరువాత ఆసేబ్ అనుకున్నారు. ఆఖరుకు నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆమె అక్కడ మూడు వారాలు ఉంది. అల్లాహ్ దయవల్ల కోలుకుంది. ఆసుపత్రివారు బీమా ఉందా అని అడిగినప్పుడు తండ్రీకొడుకులు లేదన్నారు. ఇంట్లో పెళ్ళీడు కూతురు ఉంది, సంబంధం మాటల్లో ఉంది. తల్లికి మతి చెడిందన్న మాట ఏ కాగితంపైనా ఉండరాదని వారి పట్టుదల. బిల్లు కట్టడానికి డబ్బు లేక బంగారం కుదువబెట్టారు. ఆ బంగారం ఎవరిది? ఆ కూతురి పెళ్ళికి కూడబెట్టినదే.

ఇంటికి పంపుతూ వైద్యులు, వారానికొకసారి మనస్తత్వ నిపుణురాలితో మాట్లాడే చికిత్స కొన్ని నెలలు కొనసాగించాలని చెప్పారు. హైదరాబాదులో ఇటువంటి ఒక్కొక్క కూర్చోడానికి వెయ్యి రూపాయల నుండి రెండు వేలు, పేరున్న చోట అంతకు మించి తీసుకుంటారు. సగటున 1,500 అనుకున్నా పన్నెండు వారాలకు 18,000. దానికి ఇద్దరి బస్సు ఛార్జీలు, ఒకరోజు దుకాణం మూత కలపండి. నాలుగు వారాలు వెళ్ళారు. ఐదో వారం మానేశారు.

ఆ తరువాత ఆ తండ్రి మా వద్దకు వచ్చాడు. కుమారుడు కుటుంబమంతటికీ వేరుగా ఆరోగ్య బీమా తీసుకోదలచాడు. దరఖాస్తులో ఒక గడి ఉంది: ఎవరైనా మానసిక వ్యాధికి చికిత్స పొందారా? "లేదని రాయవచ్చునా మౌలానా సాబ్? డబ్బు మేమే కట్టుకున్నాము, ఏ కంపెనీకీ తెలియదు" అన్నాడు. కాసేపు ఆగి, "అమ్మాయి సంబంధంవారికి చెప్పవలసిందేనా?" అని కూడా అడిగాడు. ఆపిన చికిత్సను గురించి మాత్రం ఏమీ అడగలేదు. మాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన ప్రశ్న అదే.

ముందుగా, ఉన్న బీమాను వాడక చేతి డబ్బు ఖర్చు చేయడంలో దోషమేమైనా ఉందా? లేదు. తన సొమ్ము, తన ఇష్టం. తన జబ్బును నలుగురికీ చెప్పుకోనక్కరలేదు. తోటి విశ్వాసి లోపాన్ని కప్పిపుచ్చిన వానిని అల్లాహ్ కప్పిపుచ్చుతాడని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఇతరుల విషయంలోనే అంత చెప్పినప్పుడు తన తల్లి పరువును కాపాడుకునే కుమారుడిని తప్పుపట్టడానికి ఎవరికి అధికారం ఉంది? పైగా బీమాను గురించి ధర్మశాస్త్రపరంగా సంకోచించేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985లో జిద్దాలో సమావేశమై, నిర్ణీత ప్రీమియం పుచ్చుకునే వాణిజ్య బీమాలో గరర్, అంటే అనిశ్చితి, ఉన్నదని చెప్పి, పరస్పర సహకార పద్ధతిని ప్రత్యామ్నాయంగా చూపింది. మన దేశంలో ఆ పద్ధతిలో ఆరోగ్య బీమా సామాన్యునికి అందుబాటులో లేదు. కనుక అవసరాన్ని, నిర్బంధాన్ని బట్టి ఉలమా వేర్వేరు అభిప్రాయాలు చెబుతున్నారు. స్వయంగా పాలసీ కొనదలచినవారు తమ ముఫ్తీని అడిగి నడుచుకోవడం మంచిది. మనం ప్రీమియం కట్టని ప్రభుత్వ పథకం సంగతి వేరు, జీతంలోంచి చట్టప్రకారం కోసే ఈఎస్ఐ సంగతి కూడా వేరు. ఆరోగ్యశ్రీని బీమా అనుకొని దూరంగా పెట్టే ఒకరిద్దరు భక్తిపరులను చూశాము. అది ప్రభుత్వం చేసే సాయం. మనం కట్టే పన్నులు కూడా అందులో ఉన్నాయి.

అయితే ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. బీమాను ఉపయోగించుకోవడమా, చేతి డబ్బు పెట్టుకోవడమా అని మనం తర్జనభర్జన పడుతున్నామే, నిజానికి చాలా సందర్భాలలో ఆ రెండు దారులు మన ఎదుట లేనే లేవు. మన దేశంలో సాధారణ ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చును భరిస్తుంది. చేరకుండా పొందే చికిత్సకు, అంటే వైద్యుని ఎదుట కూర్చుని మాట్లాడి తిరిగి వచ్చే చికిత్సకు, ప్రత్యేకంగా ఔట్ పేషెంట్ రక్షణ ఉన్న పాలసీ అయితే తప్ప చెల్లించదు. ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకొని చేసే చికిత్సల కోసం ఏర్పడినదే. 2007లో అది మొదలయింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. పరిమితి పెరిగినంత మాత్రాన వారంవారం మాట్లాడే చికిత్సకు అది దారి కాలేదు. మనసుకు కావలసిన వైద్యంలో అధికభాగం మంచం ఎక్కనక్కరలేని వైద్యం. బీమాకు తెలిసినది మంచం ఎక్కిన రోగి మాత్రమే. కాబట్టి ఆ తల్లి విషయంలో బీమా చెల్లించగలిగిన మూడు వారాల బిల్లును కుటుంబం చేతి నుంచి పెట్టుకుంది. అందులో చేయి ఖాళీ అయి, బీమా ఎలాగూ చెల్లించని వారపు ఫీజులకు మిగుల్చుకోలేకపోయింది. గోప్యత కోసం పెట్టిన ఖర్చు వైద్యాన్ని మింగేసింది.

ఆసుపత్రిలో చేరిన సందర్భంలో బీమా కంపెనీ చెల్లించక తప్పదా అని అడుగుతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2017లో చేసింది, 2018 మే నెలలో అది అమలులోకి వచ్చింది. శరీర వ్యాధులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మనోవ్యాధులకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని దాని 21వ సెక్షన్ నిర్దేశించింది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టు 16న కంపెనీలన్నిటికీ ఈ మేరకు ఉత్తర్వు పంపింది. అయినా కొన్ని పాలసీలలో మనోవ్యాధులను మినహాయించే షరతు అలాగే కొనసాగింది. ఒక బీమా కంపెనీ క్లెయిమును ఆ షరతు చూపి తిరస్కరించగా బాధితురాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. చట్టం వచ్చిన తరువాత ఆ మినహాయింపు చెల్లదని 2021 ఏప్రిల్‌లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2022 అక్టోబరులో నియంత్రణ సంస్థ మళ్ళీ హెచ్చరించి, ఆ నెలాఖరులోగా పాలసీలన్నిటినీ సరిచేయమన్నది. కనుక ఇప్పుడు మనోవ్యాధి అనే కారణం ఒక్కటి చూపి క్లెయిము తోసిపుచ్చితే, హైదరాబాదులో ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. అందుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. చట్టాలు మారిన తరువాత కూడా మన జంకు మారలేదు.

ఇక ఆ గడి. లేదని రాయరాదు అని ఆ తండ్రికి స్పష్టంగా చెప్పాము. అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, లోపాలను విప్పి చెప్పుకుంటే వారి వ్యవహారంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలియనివారు లేరు. ఊరివారు అడిగితే చెప్పకపోవడం ఒకటి, ఒప్పందంలో అడిగినదానికి తప్పు సమాధానం రాసి సంతకం చేయడం మరొకటి. మొదటిది సత్ర్, అంటే కప్పుకోవడం. రెండవది మోసం. నగదు కట్టినందున జరిగిన చికిత్స జరగనిది కాబోదు. ఆ ఆసుపత్రి చట్టప్రకారం రోగి వివరాలను భద్రపరచి ఉంచుతుంది.

ధర్మం మాట అటుంచి లోకవ్యవహారం చూసినా ఇది నష్టపు బేరమే. బీమా ఒప్పందాలు సంపూర్ణ విశ్వాసంపై ఆధారపడినవని చట్టం భావిస్తుంది. రేపు ఆ తల్లికి పిత్తాశయంలో రాయి వచ్చి ఆపరేషను అయినా, పాత విషయం దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమును ప్రశ్నించవచ్చు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం మూడేళ్ళకు మించరాదు. అయిదేళ్ళు ఎడతెగక కొనసాగిన పాలసీని, దగా రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో ప్రశ్నించరాదు. ఔనని రాసినవారికి నిరీక్షణ, బహుశా కొంత అధిక ప్రీమియం. లేదని రాసినవారికి అయిదేళ్ళ భయం. ఆ తండ్రి నిట్టూర్చి, ఔనని రాయిస్తానన్నాడు.

సంబంధంవారి విషయం ఇంతకన్నా సున్నితమైనది. దీనిపై కొంచెం విస్తరంగా మాట్లాడాలి, ఎందుకంటే మన ఇళ్ళలో నగదు వైద్యానికి అసలు కారణం ఇదే. ఒక ఇంట్లో ఎవరో మనోవైద్యుని వద్దకు వెళ్ళారన్న మాట బయటపడితే ఆ ఇంటి కూతుళ్ళ సంబంధాలు తప్పిపోతాయి. ఎక్కడో ముషాతా నోటినుంచి మొదలై, దావత్‌లో దస్తర్ఖాన్ చుట్టూ తిరిగి, చివరకు మస్జిదు మెట్లమీదకు వస్తుంది ఆ మాట. వినేవారూ చెప్పేవారూ ఐదు పూటలా నమాజు చేసేవారే. హుజురాత్ సూరాలో పరోక్షనిందను దేనితో పోల్చారో మన పిల్లలు కూడా కంఠస్థం చేసి అప్పగిస్తారు. ఆ ఆయతు అర్థం చెప్పి పరీక్షలో మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి ఇంట్లోనే, పక్కింటి కోడలి మందుబిళ్ళల పేరు చర్చకు వస్తుంది. ఈ గీబత్ భయానికి ప్రతి రోగి కుటుంబం కడుతున్న జరిమానాయే ఆ నగదు. బీమా కంపెనీకి తెలిస్తే ఏమవుతుందోనన్న దిగులు దానిలో పావు వంతు కూడా ఉండదు.

ఆ జరిమానా కట్టడానికి ఒక కుటుంబం బంగారం కుదువబెడుతుంది, ఒక కుటుంబం పొలం అమ్ముతుంది. కూలి చేసుకునే కుటుంబం వైద్యమే మానుకుంటుంది.

పెళ్ళి సంబంధంలో ఏది చెప్పాలి, ఏది చెప్పనక్కరలేదు? ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాలను గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ పురుషులలో ఒకరి పేదరికాన్ని, మరొకరి కఠిన స్వభావాన్ని దాచకుండా చెప్పిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. సలహా చెప్పేవాడు నమ్మకస్తుడై ఉండాలి. పెళ్ళి ఆలోచనలో అడిగినవారికి నిజం చెప్పడం పరోక్షనింద కాదని ఇమామ్ నవవీ వంటి పండితులు రాశారు. దాంపత్య జీవితాన్ని తీవ్రంగా ప్రభావితం చేసే, ఇప్పటికీ కొనసాగుతున్న వ్యాధి వరుడికో వధువుకో ఉంటే అవతలివారికి తెలపాలి. దాచి పెళ్ళి చేయడం ఒకరి జీవితంతో ఆడుకోవడమే. కాని ఈ తల్లి విషయం అది కాదు. పెళ్ళాడబోయేది ఆమె కాదు. మాతృవియోగ దుఃఖంతో పడిపోయి, వైద్యంతో లేచి కూర్చున్న ఒక స్త్రీ కథను ఆమె కూతురి సంబంధంవారి ముందు విప్పవలసిన విధి ఎవరిపైనా లేదు. వారంతట వారే సూటిగా అడిగితే అబద్ధం చెప్పవద్దు. మా అమ్మీకి బాగాలేక చికిత్స జరిగింది, అల్లాహ్ దయవల్ల ఇప్పుడు బాగున్నారు అంటే చాలు. టైఫాయిడ్‌ను గురించి చెప్పేటంత మాటే ఇది. అంతకుమించి వివరం రాబట్టేవారితో వియ్యమందకపోవడమే మేలని మా అభిప్రాయం.

మరొక భయాన్ని కూడా తీర్చవలసి ఉంది. మనోవైద్యుని చీటీ ఉంటే రేపు ఆస్తి తగాదాలోనో తలాఖు వ్యవహారంలోనో మతిలేనివారని నిరూపిస్తారేమోనని కొందరు సందేహిస్తారు. ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939లో భర్త రెండేళ్ళపాటు మతిభ్రమణంతో ఉండడాన్ని భార్య విడిపోవడానికి ఒక కారణంగా పేర్కొన్న మాట నిజమే. అది ఎప్పుడో చికిత్స పొందిన మనిషిని గురించిన మాట కాదు. 2017 చట్టంలోని 3వ సెక్షన్ ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది: గతంలో చికిత్స పొందిన కారణం ఒక్కటే చూపి ఇప్పుడు మనోవ్యాధి ఉందని తేల్చరాదు, మనోవ్యాధి ఉన్నదన్నంత మాత్రాన, సమర్థ న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, మతి స్థిమితం లేనివారని భావించరాదు. రోగి వివరాలను వైద్యులు, సిబ్బంది గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ శాసిస్తుంది. వైద్యుడు చట్టరీత్యా కట్టుబడి ఉన్నాడు. పక్కింటివారిని కట్టడి చేసే సెక్షన్ మాత్రం లేదు. వారికోసమే హుజురాత్ సూరా ఉంది.

ఈ మునగాలకు సంబంధించిన ఒక విషయం ఇక్కడ గుర్తుకు వస్తున్నది. తెలుగులో విజ్ఞానశాస్త్ర గ్రంథాలు రావాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. శాస్త్రాన్ని తెలుగు మాటల్లోకి తెచ్చే ప్రయత్నం నూరేళ్ళ క్రితమే మన ఇంటి ముంగిట మొదలయింది. మనసు జబ్బుకు మాత్రం మన వాడుకలో ఇప్పటికీ పిచ్చి అన్న మాట తప్ప లేదు. మన దఖ్నీలో 'దిమాగ్ ఖరాబ్' అన్న తిట్టు ఉంది. దిగులుకూ, భయానికీ, వస్‌వాస్‌కూ, కాన్పు తరువాత తల్లిని కమ్ముకునే చీకటికీ వేర్వేరు పేర్లు లేనందువల్ల అన్నిటినీ ఆ ఒక్క గంపలోనే వేస్తున్నాము.

ఇస్లామీ వైద్య చరిత్రలో ఈ దారిద్ర్యం లేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన 'మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్' గ్రంథంలో ఒక భాగాన్ని శరీరానికీ మరొక భాగాన్ని మనసుకూ కేటాయించి, కోపం, భయం, దుఃఖం, వస్‌వాస్ అని వేరుచేసి ఒక్కొక్కదానికి ఉపాయం రాశాడు. దేహం రోగగ్రస్తమైనట్లే మనసూ అవుతుందనీ, అందులో వింత ఏమీ లేదనీ అతని వాదం. దమస్కులో నూరుద్దీన్ జంగీ 1154లో, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌లలో శరీర రోగులతో పాటు మనోరోగులకూ చోటుండేది. ఖర్చు రోగి పెట్టుకునేవాడు కాడు. వక్ఫు ఆస్తుల ఆదాయం దానిని భరించేది. ధనికునికీ పేదకూ ఒకే తలుపు.

విశ్వాసం బలంగా ఉంటే మనోవ్యాధి రాదని వాదించే వక్తలు మనలో ఉన్నారు. యాఖూబ్ (అలై) కన్నులు దుఃఖంతో తెల్లబడిన సంగతి దివ్యఖుర్ఆన్‌లోనే ఉన్నది కదా! ఆయన విశ్వాసంలో ఏమి కొరవడింది? చికిత్స చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) చేయించుకోమనే చెప్పారు. వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని అన్నారు. అందులో మనోవ్యాధిని మినహాయించలేదు. బీమా పాలసీలు మినహాయించాయి, మనం మినహాయించాము.

షరీఅతుకు లోబడిన రుఖ్యా సున్నతే. ఖుర్ఆన్ పారాయణం, దుఆ రోగికి నిశ్చయంగా బలం ఇస్తాయి. దానిని వైద్యానికి బదులుగా నిలబెట్టి, వేలకు వేలు గుంజే ఆమిల్‌ల సంగతి వేరు. విచిత్రం చూడండి. మనోవైద్యునికి వెయ్యి రూపాయలివ్వడం దుబారా అనుకునే మనిషి, నల్లకోడికీ నిమ్మకాయలకూ తావీజుకూ పదివేలు బేరమాడకుండా ఇస్తాడు. అదీ చేతి డబ్బే, దానికీ రసీదు లేదు. ఆ దారి చివర ఏమున్నదో చూడదలచినవారు ఏర్వాడిని గుర్తు చేసుకోవచ్చు. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో, దర్గాకు సమీపంలో నడిచిన ఒక ప్రైవేటు మనోరోగుల ఆశ్రమంలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసి ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలినవారు శత్రువులు కారు, సొంత కుటుంబాలవారే. తమ ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని దూరంగా తెచ్చి వదిలిన వారు వారిలో ఎందరో. ఇప్పుడు రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ బీమా మాట్లాడే చికిత్సకు కూడా చెల్లిస్తుంది. చెల్లించాలంటే వ్యాధి పేరు, దాని సంకేత సంఖ్య రాయాలి. ఆ పేరు దస్త్రంలో నిలిచిపోతుందన్న భయంతో కొందరు, బీమా పుచ్చుకునే నిపుణులు దొరకక కొందరు సొంతంగా చెల్లిస్తారు. దేశం మారినా జంకు మాత్రం వెంట ఉన్నది. అక్కడివారు డాలర్లతో తట్టుకోగలరేమో. మన వెల్డింగు షాపు కుర్రవాడు తట్టుకోలేడు.

అందువల్ల, చేతి డబ్బు పెట్టుకోదలచినవారు ఎంతకాలం పెట్టగలరో ముందుగా లెక్క వేసుకోవాలని మేము చెబుతాము. ఆర్భాటంగా మొదలుపెట్టి నాలుగు వారాలకు ఆపడం కన్నా, తక్కువ ఖర్చులో ఆగకుండా సాగే దారి మేలు. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, దానికి అనుబంధంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పేదరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ వ్యవస్థలో మనోవ్యాధి చికిత్స ఉచితమని 2017 చట్టం చెబుతుంది. మరీ పెద్ద చికిత్సకు హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నది. ఎర్రగడ్డ పేరు వినగానే నవ్వే అలవాటు మనకు సినిమాల వల్ల వచ్చింది. మేళ్ళచెరువు, మఠంపల్లి సిమెంటు కర్మాగారాల వైపు పనిచేసే మన పిల్లలలో ఎవరి జీతం నుండైనా ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత పడుతుంటే, వారూ వారి కుటుంబమూ ఆసుపత్రిలో చేరనక్కరలేని చికిత్సకు కూడా అర్హులే. నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి ఇది వర్తిస్తుంది. కోత పడుతున్నదని తెలిసినవారికి కూడా దానితో ఏమి పొందవచ్చో తెలియదు.

ప్రైవేటుగా వెళ్ళేవారు ఎవరి వద్దకు వెళుతున్నారో కనుక్కోవాలి. మందులు రాసేవారు మనోవైద్యులు, వారికి వైద్య పట్టా ఉంటుంది. మాట్లాడి చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలిలో నమోదు సంఖ్య ఉంటుంది. అడిగితే చెప్పాలి. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతివారూ నిపుణులు కారు. నగదు ఇచ్చి రసీదు పుచ్చుకోనివారే ఇటువంటివారికి తేలికగా చిక్కుతారు. రసీదు పుచ్చుకొని ఇంట్లో తాళం వేసుకోండి. ఔట్ పేషెంట్ రక్షణ ఉన్న పాలసీ అయితే అది పనికి వస్తుంది, లేకున్నా వైద్యుడు మారినప్పుడు పనికి వస్తుంది.

ఆ కుటుంబానికి తిరిగి చికిత్స మొదలుపెట్టే స్తోమత లేకపోయింది. జకాతు తీసుకోవచ్చునా అని అడగడానికి ఆ తండ్రికి అభిమానం అడ్డువచ్చింది, మేమే ఎత్తాము. తౌబా సూరాలో చెప్పిన ఎనిమిది వర్గాలలో పేదలూ ఉన్నారు, అప్పుల్లో కూరుకున్నవారూ ఉన్నారు. కుదువబెట్టిన బంగారం మీద వడ్డీ పెరుగుతున్నవాడు, ఆ బంగారం విడిపించే మార్గం లేనివాడు, నిసాబుకు లోబడిన తన లెక్కను ముఫ్తీకి చూపి అర్హుడని తేలితే, ఆ సొమ్ము అతని హక్కు. హనఫీ పద్ధతిలో సొమ్మును అతని చేతికి స్వాధీనం చేయాలి, ఎందుకోసం ఖర్చు చేస్తున్నాడో జమాఅతు పుస్తకంలో రాయనవసరం లేదు. రంజానులో డయాలసిస్ రోగికి ఇద్దామంటే నలుగురు చేయి చాస్తారు. మనోరోగికి అంటే ఎవరని అడుగుతారు. బైతుల్ మాల్ నడిపే పెద్దలకు మా మనవి ఇదే: వైద్య సహాయం కింద ఇచ్చే మొత్తంలో వ్యాధి పేరు అడిగే గడిని తీసివేయండి. అర్హత విచారించే ఒక్క వ్యక్తికి తెలిస్తే చాలు, కమిటీలోని పదకొండు మందికీ తెలియనక్కరలేదు.

డబ్బు సమకూరేదాకా ఆగలేని రాత్రులు కొన్ని ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సంఖ్య 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఫీజు లేదు. చనిపోవాలనిపిస్తున్నదని ఇంట్లో ఎవరైనా అంటే వారిని మందలించడానికి ముందు, హరామని ఫత్వా వినిపించడానికి ముందు, ఆ సంఖ్యకు ఫోను చేసి వారి చేతికి ఇవ్వండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అందులోనే ఉంది.

ఆ తల్లి ఇప్పుడు నెలకు రెండుసార్లు సూర్యాపేటకు వెళ్ళి వస్తున్నది. వెళ్ళేది ఆసుపత్రికేనని బస్సులో చెప్పగలుగుతున్నదట. ఏ జబ్బో చెప్పదు, ఎవరూ అడగనక్కరలేదు.